బ్రెమెన్ వాద్యగాళ్లకు బొమ్మలు వేయాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తానని తెలిసిన దగ్గర్నుంచీ జంతువుల కథల గురించి నన్ను చాలామంది అడుగుతుంటారు. గాడిదకు చొక్కా వేయాలా, కోడిపుంజు నవ్వొచ్చా, పబ్లిషర్ ఎంత ఇస్తాడు, ఇలాంటివి. ఒక్కొక్కరికీ విడివిడిగా రాసే ఓపిక లేక అన్నీ ఇక్కడ పెట్టేస్తున్నా. ఊరికే సలహాలు చెప్తే గాల్లో మాటల్లా ఉంటాయి కాబట్టి ఒక్క కథనే పట్టుకుని చెప్తాను, జర్మన్ జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల ‘బ్రెమెన్ నగర వాద్యగాళ్లు’.

ఇన్ని కథలుండగా ఇదే ఎందుకు?

ఎందుకంటే ఇందులో నాలుగు జంతువులూ నాలుగు రకాలు. గిట్టలది ఒకటి, పంజాలవి రెండు, రెక్కలది ఒకటి. సైజులో ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. అవన్నీ ఒకే ఫ్రేములో, అదీ ఒకదాని మీద ఒకటి ఎక్కి, చీకట్లో నిలబడాలి. ఈ ఒక్క కథ సరిగ్గా వేయగలిగితే పంచతంత్రం మొత్తానికి చెయ్యి తిరుగుతుందని నా నమ్మకం.

కథ సరిగ్గా గుర్తులేదు. చెప్తారా?

మిల్లుకు బస్తాలు మోసీ మోసీ అరిగిపోయిన గాడిద, యజమాని తనకు మేత దండగ అనుకుంటున్నాడని పసిగట్టి ఇంట్లోంచి పారిపోతుంది. జర్మనీలోని బ్రెమెన్ నగరం వెళ్లి అక్కడి వాద్యగాళ్లలో చేరదామని దాని ప్లాన్ (అప్పట్లో జర్మన్ పట్టణాలు జీతమిచ్చి మరీ వాద్యగాళ్లను పెట్టుకునేవి, అంటే గాడిద వెళ్తున్నది ఉద్యోగానికే). దారిలో వేటకు పనికిరాని ముసలి కుక్క, పళ్లు మొద్దుబారాయని యజమానురాలు నీళ్లలో ముంచబోయిన పిల్లి, ఆదివారం చుట్టాల కోసం సూప్ కాబోతున్న కోడిపుంజు కలుస్తాయి. రాత్రికి అడవిలో దొంగల ఇల్లు కనిపిస్తుంది. గాడిద కిటికీ మీద ముందు కాళ్లు ఆనిస్తే, దాని వీపు మీద కుక్క, కుక్క మీద పిల్లి, పిల్లి తల మీద పుంజు ఎక్కి, అందరూ కలిసి ఒక్కసారి గొంతెత్తి కిటికీలోంచి లోపలికి దూకుతాయి. దొంగలు పరార్. అర్ధరాత్రి ఒక దొంగ మళ్లీ చూడ్డానికి వచ్చి తన్నులు తిని పారిపోతాడు. నలుగురూ ఆ ఇంట్లోనే ఉండిపోతారు. బ్రెమెన్ అసలు చేరనే చేరరు.

ఈ కథ వాడుకోవడానికి ఎవరి పర్మిషనైనా కావాలా?

అక్కర్లేదు. ఈ కథ గ్రిమ్ సోదరుల సంకలనం రెండో కూర్పులో, 1819లో చేరింది, అందులో 27వ నంబరు. విల్హెల్మ్ గ్రిమ్ 1859లో, యాకోబ్ 1863లో పోయారు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల వరకే కాపీరైట్, కాబట్టి మూలకథ ఎవరైనా వాడుకోవచ్చు.

కానీ ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కథ అందరిదీ అయినంత మాత్రాన నిన్న మొన్న వచ్చిన తెలుగు అనువాదం అందరిదీ కాదు, ఆ అనువాదకుడి హక్కు ఆయనకుంటుంది. అందుకని పాత అనువాదం ఏదైనా చదివి (1884లో వచ్చిన మార్గరెట్ హంట్ ఇంగ్లీషు అనువాదం ఉంది, ఆవిడ 1912లో పోయారు) మీ మాటల్లో మీరే రాసుకోండి. బొమ్మలకూ అంతే, ఎవరో ఈమధ్య వేసిన గాడిదను చూసి రంగు మార్చి దింపేస్తే అది దొంగతనమే.

గాడిదకు కోటు, పిల్లికి గౌను వేయాలా?

కథ ఏమడుగుతోందో చూడండి. ఫ్రెంచి రచయిత శార్ల్ పెరో 1697లో అచ్చు వేయించిన బూట్ల పిల్లి కథలో బూట్లు లేకపోతే కథే లేదు, అక్కడ వేయాల్సిందే. బ్రెమెన్ కథలో బట్టల మాటే రాదు. పైగా వీటి కష్టమంతా ఒంట్లోనే ఉంది: అరిగిన వీపు, మొద్దుబారిన పళ్లు, ఎగశ్వాస. బట్ట కప్పితే అదంతా మాయమైపోతుంది. కోటు వేసుకుని రెండు కాళ్ల మీద నడిచే గాడిద నాకు గాడిద మాస్కు పెట్టుకున్న గుమాస్తాలా కనిపిస్తుంది, దానిమీద జాలి కలగదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. రెండు కాళ్ల మీద నడిచే గాడిద, చేతులున్న కుక్క అయితే కిటికీ దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కాల్సిన అవసరమేంటి, తలుపు తీసుకుని వెళ్లొచ్చుగా! అవి జంతువులు కాబట్టే ఆ సర్కస్ ఫీటు.

బట్టలు లేకుండా, మనిషి ముఖం లేకుండా ఫీలింగ్స్ ఎలా చూపించాలి?

అందరూ కనుబొమల మీద పడతారు. గాడిదకు కనుబొమలు గీసి, కోపం వస్తే కిందికి వంచి, బాధేస్తే పైకి లేపి. వద్దు. గాడిదకు ఉన్నవి చెవులు, అంత పొడుగు చెవులు పెట్టుకుని కనుబొమలు అప్పు తెచ్చుకోవడం ఎందుకు? ఏదైనా వింటుంటే రెండూ ముందుకు నిక్కుతాయి. అలిసిపోతే పక్కలకు వాలిపోతాయి. కోపమొస్తే మెడకు ఆనించి వెనక్కి మడుస్తుంది. ఒక చెవి ముందుకీ ఒకటి వెనక్కీ ఉంటే ఎదురుగా ఒకటి చూస్తూ వెనక ఇంకేదో వింటోందన్నమాట, దారిలో కుక్క మూలుగు మొదటిసారి విన్న చోట నేను అదే వేస్తాను.

కుక్కకు తోక, నడుం. భయపడ్డ కుక్క ఒంటి బరువంతా వెనక కాళ్ల మీదికి తోసేస్తుంది. పిల్లికి చెవులూ మీసాలూ కంటిపాపలూ. పుంజుకు ముఖంలో కదిలేది పెద్దగా ఏమీ లేదు కాబట్టి మెడ మీద ఈకలు, మెడ చాచే తీరు, ఒక పక్క కన్నుతో చూడ్డానికి తల వంచడం, ఇవే దిక్కు. పుంజు నవ్వకూడదు. ముక్కుతో నవ్వే కోళ్లను చూసి చూసి విసుగొచ్చింది.

ముసలివాటిలా ఎలా కనిపించాలి? కళ్లజోడు పెట్టొచ్చా?

కళ్లజోడూ వద్దు, చేతికర్రా వద్దు. ముసలి గాడిదకు కళ్ల పైన గుంటలు పడతాయి, నడుం మధ్యలో కిందికి జారుతుంది, కింది పెదవి వేలాడుతుంది, పట్టించుకునేవాడు లేకపోతే గిట్టలు పెరిగి ముందుకు వంకర తిరుగుతాయి. బస్తాలు మోసిన చోట వెంట్రుకలు ఊడి చర్మం మెరుస్తుంటుంది, ఆ మచ్చ ఒక్కటి వేస్తే పాత జీవితం మొత్తం చెప్పినట్టే.

కుక్కకు నెరుపు మూతి దగ్గర మొదలై గడ్డం మీదుగా కళ్ల చుట్టూ పాకుతుంది. కంటిపాపలో నీలం కలిసిన బూడిద రంగు చిన్న చుక్క పెట్టండి. పిల్లికి వెన్నెముక పైకి తేలుతుంది, బొచ్చు సరిగా నాక్కోలేక అక్కడక్కడా ముద్దలు కడుతుంది. ఇవన్నీ వేస్తూ ఒక సంగతి మర్చిపోకండి, పుంజు ముసలిదని కథలో ఎక్కడా లేదు! దాన్ని కోస్తున్నది చుట్టాలొస్తున్నారని. కాబట్టి మూడు వాడిపోయిన ఒళ్ల మధ్య పుంజు ఒక్కటే నిగనిగలాడుతూ ఉంటే పేజీకి కూడా కళ వస్తుంది. గాడిద దాన్ని ‘ఎర్ర తలోడా’ అని పిలుస్తుంది, పుంజు గాడిదను బూడిద రంగు పేరుతోనే పిలుస్తుంది. అంటే రంగులు కూడా కథే ఇచ్చేసింది.

ఒకదాని మీద ఒకటి ఎక్కే బొమ్మ ఎప్పుడు వేసినా తేలిపోతోంది. ఎందుకు?

బరువు చూపించడం లేదు కాబట్టి. ఇటుకలు పేర్చినట్టు నాలుగు బొమ్మలు పేర్చేస్తారు, కిందున్నదానికి పైన ఎవరో ఉన్నట్టే తెలియదు. ముందు కథలో ఏం రాసుందో చదవండి. గాడిద నాలుగు కాళ్ల మీద నిలబడలేదు, ముందు కాళ్లు కిటికీ మీద పెట్టింది. అంటే దాని వీపు ఏటవాలు. ఆ ఏటవాలు మీద కుక్క నిలబడాలంటే వెనక కాళ్లు బిగించి, ముందు కాళ్లు గాడిద మెడకు దగ్గరగా చేర్చాలి. పిల్లి గోళ్లతో పట్టుకుంటుంది కాబట్టి కుక్క చర్మం అక్కడ ముడతలు పడుతుంది, కుక్క ముఖం చిట్లిస్తుంది. పుంజు రెక్కలు సగం విప్పి బ్యాలెన్స్ చేసుకుంటుంది.

బ్రెమెన్ టౌన్‌హాల్ పడమటి పక్కన గెర్హార్ట్ మార్క్స్ చేసిన కంచు విగ్రహం ఉంది, 1953లో పెట్టారు. అందులో గాడిద నాలుగు కాళ్లూ నేల మీదే ఉంచుతుంది. విగ్రహానికి అది సబబే, జనం వచ్చి దాని ముందు కాళ్లు పట్టుకుని కోరికలు కోరుకుని ఆ కాళ్లు తళతళలాడేలా చేశారు కూడా. కానీ మనలో చాలామంది కథ చదవకుండా ఆ విగ్రహం ఫొటో చూసి గీస్తున్నారు, ఏటవాలు పోవడానికి కారణం అదే.

గీసేటప్పుడు పుంజు దగ్గర్నుంచి నేలదాకా ఒక నిలువు గీత లాగి చూడండి. అది గాడిద వెనక కాళ్లకూ కిటికీకీ మధ్యలో పడితే బొమ్మ నిలబడుతుంది. బయట పడితే చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా టెన్షన్ పుడుతుంది. అది కావాలనుకుంటే కొంచెం బయటికి జరపండి, మరుక్షణం లోపలికి పడబోతున్నారుగా. బరువు మోసే ఒళ్లు ఎలా ఉంటుందో చూడాలంటే పాత చందమామల్లో శంకర్ గారు వేసిన విక్రమార్కుడి బొమ్మ తీసి, శవం భుజాన ఉన్నప్పుడు ఆ రాజు నిలబడే తీరు చూడండి.

వెనక కాళ్లు ఎప్పుడూ తప్పు వస్తున్నాయి.

వెనక్కి వంగినట్టు కనిపించేది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన పొట్ట దగ్గర ఉంటుంది. గాడిద, కుక్క, పిల్లి మూడిటికీ ఇదే లెక్క, ఎముకల పొడవే తేడా. ఇంకా గాడిద తోక గుర్రం తోకలా కుచ్చుకుచ్చుగా ఉండదు, ఆవు తోకలా సన్నగా ఉండి చివర్లో మాత్రమే కుచ్చు. జూలు నిక్కబొడుచుకుని పొట్టిగా ఉంటుంది. చాలా గాడిదలకు భుజాల మీద శిలువ ఆకారంలో నల్ల చార ఉంటుంది, అది వేస్తే గుర్రమేమో అన్న అనుమానమే రాదు.

పుస్తకం నిలువుగానా అడ్డంగానా? ఎన్ని పేజీలు?

సాధారణంగా 32 పేజీలు. పెద్ద షీటును మడిచి కుడతారు కాబట్టి ప్రెస్సులో 8, 16 గుణకాల్లోనే లెక్క కుదురుతుంది. టైటిల్, వివరాల పేజీ వగైరా పోను మీకు మిగిలేవి ఓ 12 నుంచి 14 స్ప్రెడ్లు (పుస్తకం తెరిస్తే ఎదురెదురుగా కనిపించే రెండు పేజీలు కలిపి ఒక స్ప్రెడ్). ఈ కథకు నా ఓటు నిలువుకే, ఆ ఎక్కుడు బొమ్మ కోసం. అడ్డం పుస్తకమే కావాలని పబ్లిషర్ పట్టుబడితే ఆ ఒక్క స్ప్రెడ్డులో పుస్తకాన్ని తిప్పి చూసేలా వేయండి, పిల్లలకు అదో సరదా. ఏ ముఖమూ మధ్య కుట్టులో పడకుండా చూసుకోండి. అంచులకు 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపులో పోవడానికి బొమ్మను అంచు దాటించి వేసే అదనపు చోటు) వదలండి.

సగం కథ రాత్రే. అన్నీ నల్లగా అచ్చవుతున్నాయి, ఏం చేయాలి?

నలుపు ట్యూబు పక్కన పెట్టేయండి. అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలిపితే వచ్చే ముదురు రంగులో ప్రాణం ఉంటుంది, నీలం ఎక్కువైతే చల్లని రాత్రి, సియెన్నా ఎక్కువైతే వెచ్చని నీడ. కిటికీలోంచి వచ్చే పసుపు వెలుతురు ఒక్కటే కాంతి అనుకుని, అది పడిన అంచులు మాత్రమే వెలిగించండి: గాడిద ముక్కు, కుక్క ఛాతీ, పుంజు తురాయి. మిగతాది చీకట్లో కలిసిపోనివ్వండి.

స్క్రీన్ మీద వెలుగుతూ కనిపించేది కాగితం మీద ఒక మెట్టు చీకటిగా దిగుతుంది, ఇది రూలే అనుకోండి. అందుకే రాత్రి స్ప్రెడ్లను మీకు నచ్చినదానికన్నా కాస్త తేలిగ్గా వదిలి, ఫైనల్‌కు ముందు ఒక్క పేజీ అయినా ప్రూఫ్ (నమూనా అచ్చు) తీయించి చూడండి.

దొంగ తిరిగి వచ్చే సీను ఎలా వేయాలి?

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది, కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తాను. పిల్లి పొయ్యి దగ్గర వెచ్చటి బూడిదలో పడుకుంది. కుక్క తలుపు వెనక. గాడిద పెరట్లో పెంటకుప్ప మీద. పుంజు పైన దూలం మీద. దొంగ వచ్చి, పిల్లి కళ్లను నిప్పుకణికలనుకుని వాటికి పుల్ల ఆనిస్తాడు.

ఇక్కడ ఆగండి. అతని చేతిలో అగ్గిపెట్టె గీయకండి! గీస్తే అంటుకునే అగ్గిపుల్ల జాన్ వాకర్ 1826 ప్రాంతంలో గానీ కనిపెట్టలేదు, కథ అంతకన్నా ముందుది. అతని దగ్గరున్నది గంధకం పూసిన పుల్ల, అది నిప్పుకు తాకిస్తేనే మండుతుంది. అందుకే అతను కణికల కోసం వెతుకుతున్నాడు, అందుకే పిల్లి ముఖానికి అంత దగ్గరగా వెళ్లాడు. ఈ చిన్న సంగతి తెలిస్తే సీనంతా అర్థవంతంగా అవుతుంది. పిల్లి కళ్లు కూడా జాగ్రత్త, వెలుతురులో నిలువు గీతలా ఉండే పాప చీకట్లో గుండ్రంగా విచ్చుకుంటుంది. నిలువు గీత పెడితే అది నిప్పుకణికలా ఎవరికీ కనిపించదు.

తర్వాత పిల్లి రక్కుతుంది, కుక్క కాలు కరుస్తుంది, గాడిద తన్నుతుంది, పుంజు కూస్తుంది. అతను పరిగెత్తి నాయకుడికి చెప్పేది వేరే కథ: ఇంట్లో పొడుగు గోళ్ల మంత్రగత్తె ఉంది, తలుపు దగ్గర కత్తి పట్టుకున్న మనిషి ఉన్నాడు, పెరట్లో దుడ్డుకర్రతో నల్ల భూతం ఉంది, పైన జడ్జీ కూర్చుని ఆ వెధవను నా దగ్గరికి పట్టుకురండి అని అరుస్తున్నాడు. రెండు స్ప్రెడ్లు తీసుకోండి. గోడలు, పొయ్యి, తలుపు, దూలం అంగుళం కూడా మారకుండా ఒకే లేఅవుట్. మొదటిదాంట్లో నిజంగా జరిగింది, రెండోదాంట్లో దొంగ చూశాననుకున్నది. పిల్లి వీపు వంపే మంత్రగత్తె గూని అవ్వాలి, పుంజు తురాయే జడ్జీ టోపీ అవ్వాలి. పిల్లలు పేజీ వెనక్కీ ముందుకీ తిప్పుతూ కూర్చుంటారు.

చంపడం, నీళ్లలో ముంచడం, సూప్ చేయడం... చిన్నపిల్లలకు ఇవన్నీ చూపించొచ్చా?

చంపే చెయ్యి చూపించనక్కర్లేదు, కారణం మాత్రం దాచకండి. పుంజు అరుస్తుంటే వెనక వంటింటి కిటికీలో పెద్ద గిన్నె, కూరగాయలు తరుగుతున్న వంటామె వీపు, ఇంత చాలు. ఒక పబ్లిషర్ ఇలాంటిచోట గిన్నె తీసేసి పూలకుండీ పెట్టమన్నారు. పూలకుండీని చూసి పుంజు ఎందుకు పారిపోతుందండీ?

ఈ కథను మన ఊళ్లోకి మార్చేయొచ్చా?

మార్చొచ్చు, కానీ సగం సగం వద్దు. గాడిద మన చాకలిపేటలో ఉండి ఇల్లు మాత్రం జర్మన్ ఇల్లు అయితే నవ్వులపాలవుతారు. మిల్లు, అడవి, సూప్, కిటికీ, అన్నీ మారాలి, అప్పుడు ఊరి పేరు కూడా మారిపోవాలి. నేనైతే జర్మనీలోనే ఉంచుతాను. ఆ వైపు పాత పల్లె ఇళ్లు చూడ్డానికి భలే ఉంటాయి: చెక్క చట్రాలు బయటికి కనిపిస్తూ మధ్యలో ఇటుకో మట్టో నింపిన గోడలు, కిందికి దిగిన పెద్ద గడ్డి కప్పు, కప్పు కొసన ఎదురెదురుగా చెక్కిన రెండు గుర్రం తలలు. ఆ గుర్రం తలలను గాడిద తలెత్తి చూస్తున్నట్టు వేస్తే ఎంత బాగుంటుందో మీరే ఊహించుకోండి.

తెలుగు అక్షరాలకు ఎంత చోటు వదలాలి?

మీరనుకున్నదానికన్నా ఎక్కువ. మనకు పైన గుడులు, కింద వత్తులు, వరుసల మధ్య బాగా ఖాళీ లేకపోతే ఒకదానికొకటి తగులుకుంటాయి. ఇంగ్లీషు పుస్తకం లేఅవుట్ తీసుకుని అదే పెట్టెలో తెలుగు కూరితే ఖాయంగా ఇరుకవుతుంది. పెన్సిల్ దశలోనే అసలు మాటలు అసలు సైజులో అతికించి చూసుకోండి, ఆకాశమో ఖాళీ గోడో ఆ మాటల కోసమే వదలండి. రంగురంగుల గడ్డి మీద అక్షరాలు పెట్టి, చదవలేకపోతున్నామంటే చుట్టూ తెల్ల గీత కొట్టే డిజైనర్లకు ఒక నమస్కారం.

ప్రతి పేజీలో గాడిద వేరే గాడిదలా వస్తోంది.

కథ మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద నాలుగింటినీ పక్కపక్కన నిలబెట్టి గీసి, గోడకు అంటించండి. కుక్క వీపు గాడిద పొట్టదాకా, పిల్లి కుక్క మోకాలిదాకా, ఇలా కొలత పెట్టుకోండి. ఒక్కోదానికి రెండు మూడు గుర్తులు ఖాయం చేయండి, చిరిగిన ఎడమ చెవి, వీపు మీద ఊడిన మచ్చ. చెవి ఎడమదా కుడిదా అన్నది రాసి పెట్టుకోండి, లేకపోతే ఏ ఐదేళ్ల పిల్లో పట్టేసుకుంటుంది.

వాటర్ కలరా, డిజిటలా?

మీ చెయ్యి దేనికి అలవాటైతే అది. వాటర్ కలర్ అయితే 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కాగితం తీసుకోండి, అంతకన్నా పల్చనిది ఉబ్బుతుంది. డిజిటల్ అయితే అచ్చు సైజులో 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) తగ్గకుండా మొదలుపెట్టండి.

ఏఐతో చేయించేస్తే?

ఏటవాలు వీపు మీద కుక్క బరువు ఎలా పడుతుందో తెలుసుకోవాలనే కదా ఈ పనిలోకి వచ్చాం. అది మనకు వద్దనుకుంటే ఈ పేజీతో పనిలేదు. పబ్లిషర్‌కు ఇచ్చేటప్పుడు మాత్రం దాచకుండా చెప్పండి.

డబ్బు, హక్కుల సంగతి?

ఎంతన్నది పుస్తకాన్ని బట్టి, పబ్లిషర్‌ను బట్టి మారుతుంది. కానీ ఏదైనా కాగితం మీద ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు వేయకపోతే ఐదేళ్లు అనే, ఏ దేశాలకో వేయకపోతే ఇండియా వరకే అనే అర్థం. ఇది మనకు మంచిదే. అసలు ఒప్పందమే లేకపోతే మాత్రం, డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్ విషయంలో మొదటి హక్కు వేయించుకున్నవాళ్లదే అనే వీలు అదే చట్టంలో ఉంది. అందుకని అడ్వాన్సు, రాయల్టీ, ఏ భాషలకు, ఎన్నాళ్లకు, ఒరిజినల్ బొమ్మలు ఎవరి దగ్గర ఉంటాయి, ఇవన్నీ ముందే రాయించుకోండి. మొహమాటపడితే నష్టం మీకే.

కవర్ మీద వాద్యాలు వేయాలా?

గాడిద తాను వీణలాంటిది వాయిస్తానని, కుక్క డోలు కొట్టొచ్చని మాటల్లో అంటుందే గానీ కథ మొత్తంలో ఒక్క వాద్యం కూడా ఎవరి చేతికీ రాదు. కవర్ మీద వేస్తే లోపల పిల్లలు వెతుకుతారు. నేను వేయను.

చూసి గీయడానికి గాడిదలు ఎక్కడ దొరుకుతాయి?

రోజురోజుకీ కష్టమైపోతోంది. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద ఉన్నవి దాదాపు 1.2 లక్షలే, 2012తో పోలిస్తే 60 శాతానికి పైగా తగ్గాయి. ఇటుక బట్టీల దగ్గర, ఇసుకో రాళ్లో మోసే చోట్ల అడిగి చూడండి. యజమానిని అడిగే స్కెచ్‌బుక్ తీయండి, ఎంతో కొంత చేతిలో పెట్టండి, వాళ్ల పని ఆగకూడదు. వెనకనుంచి వెళ్లకండి, అది తంతే ఎలా ఉంటుందో కథలోనే చదివాంగా. ఎండ తగ్గాక, బస్తాలు దించిన వెంటనే వెళ్తే ఇంకా మంచిది, చెవులు పక్కలకు వాలి, వెనక కాలు ఒకటి సడలించి నిలబడుతుంది. ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు, ముందు ఆ కాలు గీసేయండి.